తాకిళ్ళ పుస్తకం

రోజు 1

పందొమ్మిదో స్టేషన్‌కి చేరాను. లాంచీలో రెండుసార్లు వాంతి చేసుకున్నాను, ఒకసారి సముద్రంలోకి, ఒకసారి నా బూటు మీదికి. మాది తాడిపత్రి. నలభై రెండేళ్ళలో నేను దగ్గరగా చూసిన పెద్ద నీళ్ళంటే మా వీధి చివరి సిమెంటు తొట్టి. అలాంటివాణ్ణి తెచ్చి ఒడ్డుకి పదకొండు కిలోమీటర్ల అవతల, రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పున్న కట్ట మీద దింపారు.

నాతోపాటు దిగిన యంత్రానికి ఏమీ కాలేదు. మనిషంత ఎత్తు, బూడిదరంగు రబ్బరు తొడిగిన రెండు చేతులు, కింద చక్రాలు, రొమ్ము మీద ఒక దీపం. దేనికైనా తగిలితే దీపం పచ్చగా వెలుగుతుంది, అది మూడు క్షణాలు కదలకుండా ఆగిపోతుంది. కాగితాల్లో దాని పేరు సహాయి.

మమ్మల్ని చూడ్డానికి ముగ్గురు వచ్చి నిలబడ్డారు. జట్టంతా అంతే. తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ కొర్లమ్మ, మేస్త్రి. క్రేన్ నడిపే తాతారావు. సిమెంటు అచ్చులు బిగించే లోవరాజు.

"తమరెవరండీ?" అంది కొర్లమ్మ.

"బోర్డు పంపింది. తాకిళ్ళు రాయడానికి."

"ఏటి రాయడానికీ?"

"యంత్రాన్ని మీరు తాకినా, మిమ్మల్ని అది తాకినా టైముతో సహా రాయాలి. పనికోసం తాకితే 'పని' అని, ఊరికే తాకితే 'ఢీ' అని."

"మరి తమర్ని ఎవరైనా తాకితేనో?" అన్నాడు తాతారావు.

"దానికి గడి లేదు" అన్నాను. నేను నిజమే చెప్పాను. వాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఒప్పందం తొంభై రోజులు. ముప్పై రోజుల్లో నలభై ఢీలు దాటితే 'ఒప్పని జట్టు' అని, అంటే యంత్రాన్ని ఒప్పుకోనిదని, ముద్ర వేసి, విడగొట్టి, తలా ఒక స్టేషన్‌కి పంపేస్తారు. ఆ సంగతీ చెప్పాను. చెప్పడం నా ఉద్యోగం.

రోజు 4

ఇక్కడి పని ఇదీ. నాలుగు కాళ్ళున్న సిమెంటు దిమ్మలు పోస్తారు. ఆరాక క్రేన్‌తో ఎత్తి కట్టకి సముద్రం వైపు దించుతారు. అలలు వచ్చి వాటి కాళ్ళ మధ్య విరిగిపోతాయి. రోజుకి రెండో మూడో దిమ్మలు పడతాయి. సముద్రం నెలకి ఒకటో రెండో మింగుతుంది. ఇలా పందొమ్మిదేళ్ళుగా నడుస్తోంది.

దిమ్మ గాలిలో వేలాడుతున్నప్పుడు తిరక్కుండా అంచున నిలబడి ఒకరు తాడు పట్టుకోవాలి. ఆరేళ్ళుగా జట్టులో ఒక మనిషి తక్కువట, తాడుకీ మేస్త్రి పనికీ కొర్లమ్మే పరుగెత్తేది. ఇప్పుడు యంత్రం నిలబడింది. ముఖం దిమ్మ వైపు, వీపు సముద్రం వైపు. దాని వీపుకీ అంచుకీ మధ్య మూడడుగుల దారి.

నేను అద్దాల గదిలో కూర్చుని చూస్తాను. అలల హోరుకి బయట పక్కవాడి మాట వినపడదు. ఉదయం పదయ్యేదాకా పొగమంచు. ఈ పుస్తకం చేతిరాతలోనే ఉండాలి. గొంతులూ బొమ్మలూ దొంగిలించి ఎవరికి కావలసినట్టు వాళ్ళు అల్లేయడం మొదలయ్యాక బోర్డు సిరాని తప్ప దేన్నీ నమ్మడం లేదు. లోకంలో రాత మర్చిపోనివాళ్ళు తక్కువ. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని మా పంతులుగారు అనేవారు. నాకున్న విద్య అదొక్కటే.

తాకిళ్ళు: లేవు.

రోజు 9

ఎవరూ యంత్రం దరిదాపులకి వెళ్ళడం లేదు. దాని వెనక మూడడుగుల దారి ఉన్నా, క్రేన్ చుట్టూ తిరిగి పోతున్నారు. ఐదు నిమిషాల దూరం అదనం. అయినా సరే.

మధ్యాహ్నం గిన్నె పట్టుకుని రేకుల షెడ్డుకి వెళ్ళాను. నన్ను చూడగానే లోవరాజు జరిగి చోటిచ్చాడు. మర్యాదకేం తక్కువ లేదు. కానీ అంతదాకా నడుస్తున్న మాట ఆగిపోయింది. నలుగురం చేపల పులుసు వైపు చూస్తూ తిన్నాం. రేపటినుంచి నా గిన్నె నా గదిలోనే తెరుస్తాను.

ఇంకొకటి గమనించాను. నేను అంచు దగ్గర నిలబడి కొలతలు రాసుకుంటుంటే నా వెనకనుంచి కూడా ఎవరూ పోరు. నాకూ క్రేన్ చుట్టూ తిరిగే మర్యాదే. యంత్రాన్నీ నన్నూ ఒకే గాటన కట్టేశారు. ఒళ్ళు మండింది. నేనేం చేశాను వీళ్ళకి?

రోజు 15

లాంచీ వచ్చింది. తాకిళ్ళ లెక్కలు మాత్రం వేరే పేజీల్లోకి ఎత్తి రాసి, వాటికి సీలు వేసి పంపాను. పని తాకిళ్ళు పన్నెండు, ఢీలు సున్నా.

నీళ్ళు బాగా వెనక్కి తగ్గినప్పుడు కట్టకి లోపలి వైపు ఒక వాటర్ ట్యాంకు తల బయటపడుతుంది. దాని మీద కొంగలు వాలతాయి. కొర్లమ్మ టీ గ్లాసు పట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంటుంది. "అది ఏ ఊరిదండీ?" అని అడిగాను. "మాదే" అంది. అంతే. పదిహేను రోజుల్లో మా ఇద్దరి మధ్య నడిచిన పెద్ద సంభాషణ అదే.

రోజు 25

ఇవాళ మొదటి ఢీ. తాతారావు కొక్కెం కోసం కిందికి దిగి, తొందరలో యంత్రం వెనక దారిన పోయాడు. అదే క్షణంలో గాలికి దిమ్మ తిరిగింది. తాడు లాగడానికి యంత్రం ఒకడుగు వెనక్కి జరిగింది. దాని నడుము తాతారావుకి తగిలింది. పచ్చదీపం. ఆగిపోయింది.

మూడు క్షణాల తర్వాత కదలాలి. కదల్లేదు. తాతారావు ఇంకా దానికి అతుక్కునే ఉన్నాడు మరి. రెండు చేతులా దాన్ని వాటేసుకుని, కళ్ళు మూసుకుని, కాలి మడమలు అంచు దాటి గాలిలో ఉండగా నిలబడ్డాడు. యంత్రం దిమ్మ తాడు బిగించి పట్టుకుని అలాగే ఉండిపోయింది. పది నిమిషాలు. కొర్లమ్మ పక్కనుంచి పాక్కుంటూ వెళ్ళి అతని చొక్కా పట్టి లాగింది.

తర్వాత ఆవిడ తాతారావుని ఉతికి ఆరేసింది. అద్దాల్లోంచి నోరు కనపడింది గానీ మాట వినపడలేదు. యంత్రం వైపు వేలు పెట్టి చూపిస్తూ, తన భుజం తనే కొట్టుకుంటూ అరిచింది. యంత్రాన్ని తిడుతోందనుకున్నాను. ఇవాళతో దానికి మూడిందనుకున్నాను.

రోజు 26

అనుకున్నంతా అయింది. ఉదయం ఎనిమిదిన్నరకి కొర్లమ్మ మంచులోంచి వచ్చి, వెనకనుంచి యంత్రం కుడి భుజం మీద అరచేత్తో ఒక్కటి ఇచ్చింది. పచ్చదీపం. ఆవిడ దాని వెనకనుంచి నడిచి వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి లోవరాజు, అలాగే. పదకొండింటికి తాతారావు రెండుసార్లు, పోతూ ఒకటి, వస్తూ ఒకటి.

వెనకనుంచి వచ్చి కొట్టి పోవడం! బళ్ళో మొద్దబ్బాయిలు చేసే పని. యాభై ఏడేళ్ళ కొర్లమ్మ చేయడమేమిటి? టైములతో సహా రాశాను. ఢీలు: నాలుగు.

రోజు 30

లాంచీలో బోర్డు ఉత్తరం. మొదటి పదిహేను రోజుల్లో ఒక్క ఢీ కూడా లేనందుకు పందొమ్మిదో జట్టు 'ఆదర్శ జట్టు' అట. అభినందన పత్రం షెడ్డులో అంటించమన్నారు. అంటించాను. దానికిందే కూర్చుని ముగ్గురూ టీ తాగారు. పత్రంలో ఏముందో ఎవరూ అడగలేదు.

రోజు 34

కొర్లమ్మ తన పాత గ్లౌజుల్లో ఒక జత తెచ్చి యంత్రం చేతులకి తొడిగింది. ఇక్కడ అందరూ వేసుకునే మందపాటి నల్ల రబ్బరువే. తాడు దాని వేళ్ళ రబ్బరుని కోసేస్తోందని లోవరాజు సైగలతో నాకు చెప్పాడు. 'అనుమతి లేకుండా పరికరంలో మార్పు' అని రాశాను.

యంత్రంలో లోపం కూడా మొదలైంది. భుజం మీద దెబ్బ పడ్డప్పుడల్లా దాని ఎడమ చెయ్యి పైకి లేచి దిగుతోంది. దెబ్బలకి లోపల ఏదో వైరు కదిలి ఉంటుంది. 'ఎడమ చేతిలో ఈడ్పు, కారణం పదేపదే ఢీలు' అని రాశాను. దాన్ని చూస్తే జాలేసింది. దెబ్బలు తిని కూడా తాడు వదలదు. నోరు లేదు. ఇక్కడ నాలాంటిది అదొక్కటే అనిపించింది.

రోజు 45

ఈ విడత ఢీలు అరవై నాలుగు. నలభై ఎప్పుడో దాటింది. సీలు వేసే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ముగ్గుర్నీ పిలిచి హెచ్చరించాలా అని. అలా హెచ్చరించకూడదని రూలేమీ లేదు.

హెచ్చరించలేదు. ఎందుకో ఈ పుస్తకంలోనే రాస్తాను, ఇంకెవరికి చెప్పను? నలభై అయిదు రోజులుగా నా పేరు ఎవరూ అడగలేదు. 'రాతబాబు' అంటారు, అదీ నా వెనక. వాళ్ళ ముగ్గురికీ మాటలక్కర్లేదు, ఒకళ్ళ చెయ్యి లేస్తే ఇంకొకళ్ళకి అర్థమైపోతుంది. అది రోజూ అద్దాల్లోంచి చూడాలి నేను. సీలు మైనం కరుగుతుంటే నాకు కాస్త సంతోషం కూడా కలిగింది. వీళ్ళు కూడా ఒంటరిగా ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకుంటారులే అనుకున్నాను.

రోజు 52

మూడు రోజులు జ్వరం. తలుపు తీసే ఓపిక లేదు. రెండోరోజు గుమ్మంలో గంజి గిన్నె, పక్కన రెండు ఎండు మిరపకాయలు. ఎవరు పెట్టారో తెలీదు. తాగాను. ఇవాళ గిన్నె కడిగి షెడ్డు గుమ్మంలో పెట్టొచ్చాను.

జ్వరంలో మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసినట్టు కల వచ్చింది. లేచి లెక్క చూసుకుంటే, లాంచీ దిగినప్పట్నుంచి నన్ను మనిషన్నవాడు తాకలేదు. యాభై రెండు రోజులు.

రోజు 60

లాంచీలో ఉత్తర్వు వచ్చింది. షెడ్డులో నిలబడి చదివి వినిపించాను. ఒప్పని జట్టు. డెబ్బై అయిదో రోజు లాంచీలో కొర్లమ్మ మూడో స్టేషన్‌కి, తాతారావు ఇరవై ఏడుకి, లోవరాజు నలభై ఒకటికి. యంత్రాన్ని అరవై నాలుగుసార్లు కొట్టినందుకు.

"ఎవరు కొట్టారండీ?" అన్నాడు లోవరాజు.

"ఎవరేమిటి? నువ్వే." పుస్తకం తీశాను. "ముప్పై ఒకటో రోజు ఉదయం తొమ్మిదీ పది. వెనకనుంచి వచ్చి యంత్రం కుడి భుజం మీద కొట్టావు."

"కొట్టి?"

"కొట్టి..." పేజీ చూశాను. "దాని వెనక దారిన పడమటికి వెళ్ళావు."

"ఇంకోటి సదవండి" అంది కొర్లమ్మ.

"ముప్పై మూడు. పదకొండూ అయిదు. తాతారావు కుడి భుజం మీద కొట్టాడు. యంత్రం ఎడమ చేతిలో ఈడ్పు. తాతారావు దాని వెనక దారిన తూర్పుకి వెళ్ళాడు."

"ఇంకోటి."

నాలుగు చదివాను. అయిదోది చదువుతూ వేలితో పైవాటి చివర్లు వెతికాను. ప్రతి దాంట్లో చివరి ముక్క ఒకటే. వెనక దారిన వెళ్ళాడు, వెనక దారిన వెళ్ళింది. నేనే రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో.

కొర్లమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వు పోయింది.

"బాబూ, అది కొట్టటం కాదండి. నీ ఎనక నేనున్నాను, ఎల్తన్నాను అని సెప్పటం. ఈ హోరులో కేకేత్తే ఇనపడుద్దా? మంచులో కనపడుద్దా? తాడట్టుకున్నోడు ఎనక్కి ఓ అడుగేత్తే ఎనకున్నోడు నీళ్ళల్లో ఉంటాడు. అందికే బుజం తట్టాలి. తట్టించుకున్నోడు ఎనక్కి తిరక్కూడదు, సూపు దిమ్మ మీంచి తియ్యకూడదు. ఎడం సెయ్యెత్తాలి. నాకు తెలిసింది, నువ్వెల్లు అని."

"ఎడమ చెయ్యి" అన్నాను.

"ఆడికి మేం నేర్పలేదండి. మమ్మల్ని సూసే నేర్సుకున్నాడు" అన్నాడు తాతారావు. ఆడు అంటే యంత్రం.

యంత్రానికి ఎనిమిది రోజుల్లో అర్థమైన సంగతి. దాన్ని ఈడ్పు అని రాశాను.

ఆరేళ్ళ కిందట ఈ తట్టడం లేదట. అంచున తాడు పట్టుకునేది కొర్లమ్మ. ఆవిడ తమ్ముడు సింహాద్రి వెనకనుంచి పోతున్నాడు. దిమ్మ తిరిగింది. "నా మోచెయ్యే తగిలిందండీ" అంది ఆవిడ, తన మోచేతి వైపు చూసుకుంటూ. "ఈ కట్ట కిందే ఉన్నాడు ఆడు. నన్ను మూడుకి పంపేత్తే ఆడికాడ ఎవరుంటారు సెప్పండి?"

నోటికొచ్చింది వేరే మాట. అడక్కూడని మాటే. "మరి నన్నెప్పుడూ తట్టలేదే?"

"తెలీనోణ్ణి తట్టకూడదండి" అంది కొర్లమ్మ. "తడితే ఆడైతే ఆగిపోతాడు, తమరు ఉలిక్కిపడి ఎనక్కి తిరుగుతారు. ఇద్దరం పోతాం."

"నాకు చెప్పొచ్చుగా."

"తమరు అడగలేదు కదండీ."

"పైగా తాకితే రాసేత్తారని బయం" అన్నాడు లోవరాజు. అతను నవ్వడం లేదు.

రోజు 62

సీలు వేసిన పేజీ దిద్దాలంటే ఒకటే దారి. రాసినవాడు తను చూసింది తనకి అర్థం కాలేదని తన చేత్తో రాసివ్వాలి. అలా రాసిచ్చినవాడికి మళ్ళీ ఏ కట్ట మీదా, ఏ ఫ్యాక్టరీలోనూ పుస్తకం ఇవ్వరు. నాకు చేతనైన ఒకే ఒక్క పని పోతుంది.

నిన్నా ఇవాళా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తేదీ వేశాను. తేదీ చాలా అందంగా వచ్చింది. ఆపైన కలం కదల్లేదు. నేను పిరికివాణ్ణి. ఈ మాట రాయడానికి మాత్రం కలం బాగానే కదిలింది.

రోజు 66

ముగ్గురూ నా గదికి వచ్చారు. ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి. లోపల ముగ్గురికి చోటు లేక తాతారావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తమరి మీద పిర్యాదు పెట్టాలండి" అంది కొర్లమ్మ. "సేత్తో రాసిందే తీసుకుంటారంట కదా. మాకు సంతకం వొచ్చు గానీ రాత రాదు. తమరే రాసి పెట్టాలి."

"నా మీద నేనా?"

"ఇక్కడ రాతొచ్చినోరు ఇంకెవరున్నారండీ?"

కాగితం తీశాను. ఏం చేయను?

"ముందు పేరు రాయాలంట. తమరి పేరేటి?"

"ఓబులేసు."

"ఏటీ?" అన్నాడు తాతారావు గుమ్మంలోంచి.

"ఓబులేసు. మా వైపు ఉంటుంది ఆ పేరు."

"ఓబులేసు గోరు" అంది కొర్లమ్మ, నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. అరవై ఆరో రోజున నా పేరు ఒక మనిషి నోట విన్నాను, నా మీద ఫిర్యాదులో రాయడానికి. అయినా బాగానే ఉంది.

"రాయండి. ఓబులేసు గోరు సెడ్డోడు కాదు గానీ..."

"గానీ?"

"కళ్ళున్నాయి, సూపు లేదు."

రాశాను. లోవరాజు ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. "అద్దాల్లో కూకుని మా బతుకులు పాడుసేసాడని రాయండి" అన్నాడు నాతో. అదీ రాశాను, అతను చెప్పినట్టే, ఒక్క అక్షరం తగ్గించకుండా. తట్టడం గురించి కొర్లమ్మ చెబుతుంటే రాశాను. సింహాద్రి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగింది. "మోచెయ్యి సంగతి కూడా రాసెయ్యండి" అంది.

ముగ్గురూ సంతకాలు పెట్టారు. కొర్లమ్మ సంతకం పెడుతుంటే నాలిక కొస బయటికి వచ్చింది. కాగితం నా చేతికి తిరిగొచ్చింది. కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీ ఉంది.

అందులో రాశాను: 'పై ఫిర్యాదు నిజం. అరవై నాలుగూ ఢీలు కావు, పని తాకిళ్ళు. యంత్రం చేతిలో ఈడ్పు లేదు, అది బదులిస్తోంది. మొదటి పదిహేను రోజుల సున్నాలకి మీరు అభినందన పంపారు. నిజానికి వీళ్ళు దాన్ని ఒప్పుకోనిది అప్పుడే. నాకు చూడటం చేతకాలేదు.' సంతకం పెట్టాను.

"కింద ఏటి రాసారు?" అన్నాడు లోవరాజు అనుమానంగా.

చదివి వినిపించాను. అతను పోతూ పోతూ తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

అత్యవసరానికి ఎగిరే బుల్లి విమానం ఒకటుంది, ఇక్కడివాళ్ళు దాన్ని గద్ద అంటారు. ఉత్తరం దాని కాళ్ళకి కట్టి మధ్యాహ్నం వదిలాను.

రోజు 73

గద్ద తిరిగొచ్చింది. ఫిర్యాదు ఒప్పుకున్నారు. జట్టు పందొమ్మిదిలోనే ఉంటుంది, యంత్రంతో సహా. గ్లౌజులకి అనుమతి. పాత ఢీలన్నీ 'పని' కింద దిద్దుతారు. భుజం తట్టడం మిగతా స్టేషన్లకి కూడా నేర్పుతారట. నమోదుదారు ఓబులేసు పరిశీలనకి పనికిరాడు, వచ్చే లాంచీలో వెనక్కి రావాలి.

షెడ్డులో చదివాను. తాతారావు అరిచాడు, లోవరాజు గ్లాసు బల్ల మీద కొట్టాడు. కొర్లమ్మ లేచి బయటికి పోయి, నీళ్ళల్లో మునిగిన ఊరి వైపు కాదు, ఇటు అంచు వైపు వచ్చి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

నా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని నేనెందుకు అనుకోవాలి? నావల్ల పోబోయింది నావల్ల నిలబడింది, లెక్క సరి.

"మళ్ళా కొత్త రాతబాబు వొత్తాడాండీ?" అని అడిగాడు తాతారావు.

"వస్తాడు."

"ఆడికి మొదటి రోజే సెప్పేత్తాం."

రోజు 75

లాంచీ తొమ్మిదింటికి కూత వేసింది. మంచు దట్టంగా ఉంది, చెయ్యి చాపితే వేళ్ళు కనపడటం లేదు. పెట్టె తీసుకుని బయల్దేరాను. పని ఆగలేదు. దిమ్మ గాలిలో ఉండగా ఎవరూ దేనికీ ఆగకూడదు, వీడ్కోలుకి అసలే ఆగకూడదు. హోరులో ఎవరు ఎక్కడున్నారో తెలీలేదు.

లాంచీ మెట్ల దగ్గరికి వెళ్ళాలంటే అంచు వెంట పోవాలి. సగం దూరంలో క్రేన్ గంట మోగింది, అంటే దిమ్మ నా తల మీదుగా దాటుతోందన్నమాట. కదలకూడదు. పెట్టె కింద పెట్టి, వీపు సముద్రం వైపు పెట్టి నిలబడ్డాను. మంచులో దిమ్మ నీడ మెల్లగా వచ్చింది. దానిమీదే చూపు పెట్టాను.

అప్పుడు నా కుడి భుజం మీద చెయ్యి పడింది. తడి రబ్బరు గ్లౌజు. ఒక్కసారి, గట్టిగా.

ఉలిక్కిపడ్డాను. తిరగలేదు. తిరిగి చూడాలని ఎంత ఉందో చెప్పలేను. చూపు దిమ్మ మీంచి తీయకుండా ఎడమ చెయ్యి ఎత్తాను. నా వెనక మూడడుగుల దారిలో ఎవరో దాటి వెళ్ళారు. దిమ్మ దాటింది, గంట ఆగింది. అప్పటికి మంచులో ఎవరూ లేరు.

లాంచీలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ వాంతి కాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది, ఆపుకోలేదు. పడవ నడిపేవాడు చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

నన్ను తాకితే రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు. స్కేలు పెట్టి గీశాను.

సమయం: తొమ్మిదీ ఇరవై. తాకిడి: ఒకటి. రకం: పని.

తాకింది మనిషో యంత్రమో రాయాలి. ఇద్దరి గ్లౌజులూ ఒకటే. ఆ చోటు ఖాళీగా వదిలేసి పుస్తకం మూశాను.